క్షయక్రిమి వంశచరిత్ర

మదనపల్లె పట్టణమునకు నాలుగైదు కిలోమీటర్ల దూరమున ఆరోగ్యవరమను చోటు కలదు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నుండుటచే, తిరుపతి చిత్తూరులలోవలె నచ్చట వేసవియెండ మనుష్యుని మాడ్చివేయదు. చుట్టును కొండలు, చెట్లనీడలు, ఎడమెడముగా గట్టిన పాతకట్టడములు, వానికి పొడవైన వసారాలు. ఆ వసారాలలో నొకప్పుడు వరుసగా మంచములు వేసి, క్షయరోగులను రేయింబవళ్లు చల్లగాలిలో పరుండబెట్టుచుండిరి. కొన్నియేండ్ల క్రిందట మేము మా పాఠశాల విద్యార్థులను వెంటబెట్టుకొని యా స్థలమును చూడబోయితిమి. 1915వ సంవత్సరమున నీ వైద్యాలయము తెరువబడినదనియు, అప్పటికి క్షయకు మందే లేదనియు, గాలియు విశ్రాంతియు పుష్టికరమైన యాహారమునే యిచ్చట మందులుగా నుండెననియు మేము చెప్పుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు ముందునకు వచ్చి, "అప్పుడు మందు లేక చనిపోయినారు, సరే సార్. ఇప్పుడు మందుంది గదా, ఇంకా ఎందుకు చనిపోతాండారు?" అని యడిగెను.

అప్పటికి తోచిన మాటయేదో చెప్పి మేము వానిని ముందునకు నడిపించితిమి. ఆ ప్రశ్న పుస్తకమునుండి పుట్టినది కాదనియు, వాని యింటినుండి పుట్టినదనియు మాకు తెలియును. తెలిసియు మాట తప్పించితిమి. ఆనాడు చెప్పవలసియుండి చెప్పక విడిచిన సమాధానమునే యిప్పుడు వ్రాయుచున్నాము.

చరిత్రయనగానే మనకు రాజులును, యుద్ధములును, శాసనములును స్మరణకు వచ్చును. చంద్రగిరి కోటను చూచినవారికి విజయనగర ప్రభువులు జ్ఞప్తికి వత్తురు; తిరుమల దేవళపు గోడలను చూచినవారికి చోళులును, యాదవరాయలును జ్ఞప్తికి వత్తురు. కాని యే శాసనమునను పేరు కెక్కక, ఆ రాజుల కత్తులన్నిటికంటె నెక్కువమందిని పొట్టబెట్టుకొనిన జీవి యొకటి కలదు. దానికిని వంశావళి యున్నది, వలసలున్నవి, శాఖాభేదములున్నవి. విచిత్రమేమన, దాని చరిత్రను మరియొకరు వ్రాసియుంచలేదు. అది తన చరిత్రను తనలోనే మోయుచున్నది. ఆ లిపిని చదువుట మానవుడు నేర్చుకొని సుమారు ముప్పదియేండ్లు మాత్రమే యైనది.

మన పూర్వు లీ వ్యాధి నెరుగకపోలేదు. చరకసంహిత దీనిని రాజయక్ష్మమని పేర్కొని, దాని పుట్టుకకు చంద్రుని కథను చెప్పుచున్నది. దక్షుని కుమార్తెలను పెండ్లియాడి, వారిలో రోహిణియందే మక్కువ చూపిన చంద్రుడు మామగారి కోపమునకు గురియై క్షీణించెనట. మన యిండ్లలో నీ కథ తెలియనివా రరుదు. కాని కథ యంతటితో ముగియలేదు. చంద్రుడు శరణువేడగా నశ్వినీదేవతలు వచ్చి చికిత్సచేసిరి. అతడు మరల కాంతిమంతు డయ్యెను. శాపమును జ్ఞాపకముంచుకొని చికిత్సను మరచిపోవుట మన గృహములలో నలవాటైపోయినది. సుశ్రుతుడింకను స్పష్టముగా, శోషను జ్వరకుష్ఠములతో గూడ మనుష్యునినుండి మనుష్యునికి సంక్రమించు వ్యాధులలో లెక్కించి, ఊపిరిచేతను, కలిసి భుజించుటచేతను, ఒకే పడకను వాడుటచేతను నవి వ్యాపించునని చెప్పియున్నాడు. ఇంత చెప్పిన శాస్త్రము మనకుండగా, ఇది వంశమునుబట్టి వచ్చు దోషమని నమ్మి, రోగియున్న యింటి పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు జంకుచు, ఆ జంకును తలచుకొని రోగమును దాచుచు, దాచుటవలన దానిని పెంచుచు వచ్చితిమి.

ఐరోపా ఖండమువారు మనకంటె తెలివిగా నుండిరని చెప్పుటకు వీలులేదు. అక్కడను పందొమ్మిదవ శతాబ్దపు నడిమివరకు క్షయ వంశదోషమనియే పలువురి నమ్మకము. 1865లో విల్మె యను ఫ్రెంచి వైద్యుడు రోగి శరీరమునందలి పదార్థమును కుందేళ్లకు ఎక్కించి, వానికిని రోగము వచ్చునని చూపెను. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోఖ్ ఆ రోగమునకు కారణమైన క్రిమిని పండితసభకు చూపెను. దాదాపు రెండువేలయేండ్ల సందేహ మానాటితో తీరినది. కాని కారణము తెలిసినంతమాత్రమున మందు దొరకదు గదా! ఆ తరువాత అరువదియేండ్లకుపైగా వైద్యులకు గాలియు వెలుతురును మాత్రమే దిక్కు.

ఆ దినములలో పుట్టినదే యారోగ్యవరము. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు, అంతవరకు కడప జిల్లాలోనుండిన మదనపల్లె దానిలో చేరినది. అక్కడి పొడిగాలి యూపిరితిత్తులకు మేలుచేయునని తలచి పలు మిషనరీ సంఘములు కలిసి యీ వైద్యాలయమును స్థాపించినవి. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మెల్లరు దీనికి మొదటి యధికారి. అతనివెనుక డాక్టరు పి. వి. బెంజమిను ఆ బాధ్యత వహించి, తరువాత క్షయవిషయమున భారతప్రభుత్వమునకు సలహాదారు డయ్యెను. దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు రైళ్లలోను, బండ్లలోను నిచ్చటికి వచ్చుచుండిరి. నెలలతరబడి, కొందరేండ్లతరబడి, మంచమునుండి కదలక పడియుండుటయే చికిత్స. కొందరు కోలుకొని యిండ్లకు పోయిరి. కొందరక్కడనే మట్టిలో కలిసిరి. ఎవరు బ్రదుకుదురో, ఎవరు పోవుదురో ముందుగా చెప్పగలవారు లేకుండిరి.

ఇక క్రిమియొక్క లోపలి చరిత్రకు వత్తము. ప్రతి జీవియు తన దేహనిర్మాణమునకు వలసిన యాజ్ఞలన్నిటిని ఒక పొడవైన వ్రాతగా తనలో దాచుకొనియున్నది. దానికి జీనోమని పేరు. ఆ వ్రాతకు నాలుగే యక్షరములు. క్షయక్రిమి వ్రాతలో నట్టి యక్షరములు సుమారు 44 లక్షలు. వానిలో సుమారు 4,000 జన్యువులు, అనగా నాలుగువేల వాక్యములనుకొనవచ్చును. 1998లో దానిని మొదటి యక్షరమునుండి తుదివరకు చదివి ప్రకటించిరి. క్రిమి రెండుగా చీలునపుడెల్ల ఈ వ్రాతకొక ప్రతి తయారగును. ప్రతి వ్రాయుచోట తప్పులు తప్పవు.

మా సీమవారికి దీనిని బోధించుటకు దృష్టాంతము చేతిలోనే యున్నది. పందొమ్మిదవ శతాబ్దమున కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులను జీతములిచ్చి నియమించి, వేమన పద్యములకును కావ్యములకును తాళపత్రప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. ప్రతులను సరిచూచువారికి రెండు సూత్రములు తెలియును. ఒకే తప్పు రెండు ప్రతులలో కనబడినచో, ఆ రెండును నొక్క మాతృకనుండి వచ్చినవనుట మొదటిది. ఒక ప్రతిలో ఆకులు జారిపోయి, మరియొక దానిలో నాయాకులు నిలిచియున్నచో, నిండుప్రతి లోపించిన ప్రతినుండి పుట్టియుండదనుట రెండవది. జారిపోయిన పద్యములు లేఖకుని కలమున తమంతట తాము మరల పుట్టవు గదా! క్రిముల వంశావళిని కూర్చిన శాస్త్రజ్ఞులు వాడినవియు నీ రెండు సూత్రములే.

ఐతే లేఖకులందరి వేగమొక్కటి కాదు. మన ప్రేవులలోనుండు సామాన్యపు బాక్టీరియా యనుకూలమైనచోట నిరువది నిమిషములకొకసారి రెండగును. క్షయక్రిమికి దాదాపు దినమంతయు పట్టును. దాని వంశపరంపరలో సగటున రెండుమూడేండ్లకొక యక్షరము మాత్రమే మారును. వైరసుల తీరు వేరు. వానిలో పెక్కింటి వ్రాతలు మిక్కిలి చిన్నవి, తప్పులు హెచ్చు. కరోనా వైరసు వ్రాత ముప్పదివేల యక్షరములు. అది నెలకు రెండేసి యక్షరములు మార్చుకొనుచు లోకమంతయు తిరిగినది. ఇన్‌ఫ్లూయెంజా వైరసు వ్రాత యెనిమిది ముక్కలుగా నుండును. రెండు జాతుల వైరసులు ఒకే దేహమున కలిసినచో ముక్కలు తారుమారై క్రొత్తజాతి పుట్టవచ్చును. ఏటేట దానికి క్రొత్త టీకా కావలసివచ్చుట యీ మార్పులవలననే.

మారిన ప్రతి యక్షరమును భయంకరమైనది కాదు. ఈ వివేకము లేక మన మొకసారి నవ్వులపాలైతిమి. 2021వ సంవత్సరమున, కరోనా రెండవసారి విజృంభించిన దినములలో, కర్నూలు ప్రాంతమున కనబడిన ఎన్440కే యను మార్పుగల వైరసునకు 'ఆంధ్ర రకము' అని పేరుపెట్టి, అది తక్కిన వానికంటె నెన్నోరెట్లు ఘోరమైనదని వార్తలు పుట్టించిరి. ఆంధ్రులనగా పొరుగువారు జంకిరి. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ప్రతులను సరిచూచి, ఆ రకము అప్పటికే తగ్గుముఖము పట్టినదనియు, వ్యాపించుచున్నది వేరొకటి యనియు తెలిపిరి. ఆ వేరొకటియే పిమ్మట డెల్టా యని పేరుపడినది. తప్పులలో పెక్కు నిరపాయములు. కొన్ని క్రిమికే చేటు. ఎక్కడనో యొకటి మాత్రమే దానికి లాభము. ఏది యెట్టిదో పరిశీలించి చెప్పవలెనేకాని, భయపడి చెప్పరాదు.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసియున్నది. మందు తగులగానే క్రిమి దానిని తప్పించుకొనుటకై తన్ను తాను మార్చుకొనునని చదువుకొన్నవారు సైతము తలచుచున్నారు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అను నిరువురు చేసిన పరీక్ష దీనిని ఖండించినది. బాక్టీరియాలను వేర్వేరు గొట్టములలో పెంచి, వానిని చంపు వైరసును వానిపై వదలగా, కొన్ని గొట్టములలో నొక్కటియు మిగులలేదు. కొన్నింట వందలు మిగిలినవి. వైరసును చూచి మారినచో నన్ని గొట్టములలోను నించుమించుగా సమానముగా మిగిలియుండవలెను. అట్లు కాలేదు గనుక, మార్పు ముందే యెప్పుడో యదృచ్ఛగా జరిగినదనియు, ముందుగా జరిగినచోట సంతతి హెచ్చినదనియు తేలినది. స్వర్ణముఖికి వరద వచ్చినపు డీత వచ్చినవారు గట్టెక్కుదురు. వరద వారికీత నేర్పలేదు. ఈత వచ్చినవారిని మాత్రము మిగిల్చినది. క్రిములకు మందును వరద వంటిదే.

మరియొక విశేషము. పెక్కు బాక్టీరియాలు తమ తప్పులతోనే తృప్తిపడవు. ఒకదాని వ్రాతలోని పుటను మరియొకటి యెరువు తెచ్చుకొనును. తండ్రి కొడుకునకిచ్చుట మాత్రమేకాక, పొరుగువాడు పొరుగువాని కిచ్చుటయు కలదన్నమాట. 2008లో, అంతకుముందు భారతదేశమున వైద్యము పొంది స్వీడనునకు పోయిన యొక రోగియందు కనిపెట్టబడి, మన రాజధాని పేరును తగిలించుకొనిన ఎన్.డి.ఎం. జన్యువు ఈ విధముననే యొకజాతినుండి మరియొకజాతికి ప్రాకుచు, మిక్కిలి బలమైన మందులను వ్యర్థము చేయుచున్నది. క్షయక్రిమి యట్లెరువు తెచ్చుకొనదు. దానికి తన పూర్వుల వ్రాతయే యాస్తి. అందుచే దాని వంశావళి కలగాపులగము కాక, చక్కగా కొమ్మలు వేసిన చెట్టువలె కనబడును.

ఆ చెట్టును చదివినవారికి మొదట తెలిసిన సంగతి మన మందరము వినదగినది. ఆదికాలమున మనుష్యుడు పశువులను మచ్చిక చేసికొనినపుడు వానినుండి యీ రోగము తెచ్చుకొనెనని చిరకాలము పుస్తకములలో వ్రాయుచుండిరి. 2002లో ప్రతులను సరిచూడగా, పశువుల క్షయక్రిమి వ్రాతలోనే యాకులు జారిపోయియున్నవని తేలినది. మనుష్యుని క్రిమిలో నవి నిలిచియున్నవి. లోపించిన ప్రతినుండి నిండుప్రతి పుట్టదు. కావున మన రోగమునకు గోవు మూలము కాదు. మన క్రిమికి పశువుల క్రిమి దాయాదియే కాని తాత కాదు. ఈ వంశము పుట్టినది ఆఫ్రికా ఖండమనుట యెల్లరు నంగీకరించినదే. ఎప్పుడనుటలో పండితులకు భేదమున్నది: డెబ్బదివేల యేండ్లని కొందరు, ఆరువేలకు మించదని కొందరు.

రెండవసంగతి మన ప్రాంతమునకు సంబంధించినది. ఐరోపాలోను, ఉత్తరాసియాలోను ప్రబలిన శాఖలలో టి.బి.డి.1 అను నొక ముక్క జారిపోయినది. దక్షిణభారతమున హెచ్చుగా కనబడు శాఖలో నది నేటికిని చెక్కుచెదరక యున్నది. అనగా మన క్రిమి పాతకాపు. ఆ ముక్క జారకముందే విడివడిన కొమ్మ. జీనోమును చదువుట యెవరికిని తెలియని కాలముననే, 1960లో, మిచిసను మొదలగువారు మద్రాసు రోగుల క్రిములను, ఇంగ్లండు రోగుల క్రిములను గినీపందులకెక్కించి చూచి, మద్రాసు క్రిములలో పెక్కు వానియందు తీవ్రత తక్కువగా నుండుట గమనించిరి. అది గినీపందుల మాట. మనుష్యుల విషయమున నది సాధువని యెవరును మురియరాదు. మన పల్లెలే దానికి సాక్ష్యము.

దీని జ్ఞాతియైన కుష్ఠుక్రిమి కథ యింకొకరీతి. 2001లో దాని వ్రాతను చదువగా, 33 లక్షలకు లోబడిన యక్షరములలో పదునొకండువందల జన్యువులకు పైగా శిథిలమై యర్థములేక పడియున్నవి. యజమానిపైననే బ్రదుకుట మరగి, తన పనిముట్లను తుప్పుపట్టనిచ్చిన సోమరి యది. అందుచేతనే యది నేటికిని పరిశోధనశాలల గిన్నెలలో పెరుగదు.

లోపించిన యాకుల కథలో మూడవదియు, మిక్కిలి ముఖ్యమైనదియు బి.సి.జి. టీకా. కాల్మెట్, గెరెను అను ఫ్రెంచివారిద్దరు పశువుల క్షయక్రిమిని పిత్తరసములో నుడికిన బంగాళాదుంపముక్కలపై పెంచుచు, కొన్నివారములకొకసారి క్రొత్తముక్కపైకి మార్చుచు, 1908 మొదలు 1921 వరకు 230 పర్యాయములట్లు చేసిరి. తుద కా క్రిమి రోగము కలిగించుశక్తిని కోల్పోయినది. ఏల కోల్పోయినదో వారికి తెలియదు. 1990వ దశకమున తెలిసినది: ఆర్.డి.1 అను నొకభాగము జారిపోయినది. ఊపిరితిత్తులలో నివసింపవలసిన పనిలేని క్రిమికి, ఊపిరితిత్తులను చెరచు పనిముట్లతో పనిలేదు, పోయినను నష్టములేదు. మనుష్యుడు తెలియకయే యొక క్రిమిని వినయవంతునిగా చేసినాడు. కాని కథ యక్కడ నాగలేదు. ఆ టీకా లోకమందలి పలు పరిశోధనశాలలకు పోయి, అక్కడక్కడ ప్రతులు వ్రాయబడి, ఒక్కొక్కచోట నొక్కొక్కవిధముగా మారినది. ఒకే పేరుతో నేడు వాడబడు టీకాలు అన్నదమ్ములే కాని యొక్కటే కావు.

మనదేశమున నా టీకా 1948లో మదనపల్లెలో మొదలుపెట్టబడినది; గిండీలో దాని తయారీశాల యేర్పడినది. 1951 నుండి దేశమంతట వేయనారంభించిరి. రాజగోపాలాచారిగారు దానిని గట్టిగా నెదిరించిరి. నిజ మేమైనదన, ఆరోగ్యవరము చుట్టుపట్ల పల్లెలలో తొలియధికారి కుమారుడు ప్రజలను వరుసగా పరీక్షించి, టీకా ఫలితములను గ్రంథస్థము చేసెను. పిమ్మట చిత్తూరు జిల్లా కానుకొనియున్న చెంగల్పట్టు జిల్లాలో, 1968 మొదలు, రెండులక్షల యరువదివేల మందిని చేర్చుకొని మహాపరీక్షయొకటి జరిపిరి. 1979లో ఫలితములు ప్రకటింపగా, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను టీకా యాపలేదని తేలినది. పసిపిల్లలను మెదడుపొరలకు వచ్చు క్షయనుండి కాపాడునని యితరచోట్ల ఋజువైనది గనుక, బిడ్డలకు దానిని నేటికిని వేయుచున్నారు. వేయించుట తల్లిదండ్రుల ధర్మము. టీకాకు కీర్తి తగ్గినను, తమకు ప్రియమైన తీర్మానమునకు విరోధముగా వచ్చిన ఫలితమును దాచక ప్రకటించినవారిని మెచ్చుకొనవలెను. సత్యమును దాచు గృహములకు వారి నడత గుణపాఠము.

ఇక మందు. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది. 1948లో ప్రకటింపబడిన యింగ్లండు పరీక్షలో, ఆరునెలలలో మందు పుచ్చుకొనిన 55 మందిలో నలుగురు మరణించిరి. మందులేక విశ్రాంతి మాత్రము పొందిన 52 మందిలో 14 మంది మరణించిరి. లోకము పండుగ చేసికొనినది. కాని యైదేండ్లు గడచి చూడగా, రెండు పక్షములలోను సగముకంటె నెక్కువమంది పోయిరి. మందును లెక్కచేయని క్రిములే మిగిలి పెరిగినవి.

ఎట్లు మిగిలినవో లెక్కకట్టి చూతము. రోగి యూపిరితిత్తిలోని గుంటలో పదికోట్ల క్రిము లుండవచ్చును. ఐసోనయజిడను మందును తప్పించుకొను మార్పు సుమారు పదిలక్షల క్రిములలో నొకదానికి ముందే యుండును. అనగా మందు మ్రింగకముందే వంద క్రిములు దానికి లొంగనివి. రిఫాంపిసినను మందునకు లొంగనిది పదికోట్లలో నొక్కటి. ఒక్క మందే యిచ్చినచో, లొంగినవి చచ్చి, లొంగని నూటికో యొకటికో రాజ్యము దక్కును. రెండును గలిపి యిచ్చినచో, రెంటికిని లొంగనిది కోటికోట్లలో నొక్కటి; అన్ని క్రిములేరోగి దేహమునను పట్టవు. మూడు నాలుగు మందులను గలిపి, ఆరునెలలు విడువక యిచ్చుటలోని మర్మమిదియే. దానిలో వైద్యుని చాదస్తము లేదు, గుణకారమే యున్నది.

ఈ మందుల మూలముననే యారోగ్యవరపు వసారాలు ఖాళీయైనవి. 1956లో మద్రాసున స్థాపింపబడిన పరిశోధనకేంద్రమువారు 193 మంది బీదరోగులను తీసికొని, సగముమందికి వైద్యాలయమునందును, సగముమందికి వారి యిరుకుటిండ్లలోనే మందిచ్చి చూచిరి. ఇండ్లలో నాహారము తక్కువ, విశ్రాంతి తక్కువ. ఐనను ఫలిత మించుమించుగా నొక్కటియే యైనది. ఇంటివారికి రోగ మంటుటలోను భేదము కనబడలేదు. 1959లో నిది ప్రకటింపబడినపిమ్మట లోకమందంతట క్షయరోగి యిల్లు విడిచిపోవలసిన యవసరము తీరినది. ఆరోగ్యవరము నేడన్ని రోగములకును చికిత్సచేయు వైద్యశాల.

ఇంతటి విజయమునకు తరువాత జరిగినదే మా విద్యార్థి ప్రశ్నకు మూలము. వాని తండ్రి మాకు పరిచితుడు. పగలు కూలిపని, రాత్రి దగ్గు. పరీక్షలో క్షయ యని తేలగా మందులుచితముగా నిచ్చిరి. రెండుమాసములలో దగ్గు తగ్గినది, ఒళ్లు వచ్చినది. పెద్దకూతురునకు సంబంధము చూచుచున్న దినములవి. మాత్రలడబ్బా యింట కనబడినచో మాట పొక్కునని, ఎట్లును నయమైనదిగదా యని మానివేసెను. ఒకనాడు సంతలో మాకు కనబడి, "ఇప్పుడు బాగుండాను సార్, మందు గూడా ఇడ్సేసినా" అని సంతోషముతో చెప్పెను. మాకు క్షయచికిత్స యెన్నిమాసములో తెలియును. ఒకరి యింటివిషయమున తలదూర్చుట మర్యాద కాదని, పెండ్లి జరుగనిమ్మని, మంచిదని నవ్వి యూరకుంటిమి. పెండ్లి జరిగినది. ఏడు తిరుగకముందే దగ్గు మరల వచ్చినది. ఈసారి క్రిమి రిఫాంపిసినుకు లొంగలేదు. ఆరోగ్యవరమున వాడు మమ్మడుగునాటికి తండ్రి మంచమున నుండెను. మరుసటి సంక్రాంతికి లేడు.

ఆ దేహమున జరిగినదేమి? మందును పట్టుకొను స్థానమున, ఆర్.పి.ఓ.బి. యను జన్యువునందు, నలువదినాలుగు లక్షల యక్షరములలో నొక్క యక్షరము మారిన క్రిమి యెక్కడనో దాగియుండెను. తక్కిన మందులు నడచుచుండినచో నదియు చచ్చియుండెడిది. కాని యవి నడుమ నిలిచినవి, మరల నరకొరగా మొదలైనవి, మరల నిలిచినవి. ప్రతి విరామము దానికొక వరము. ఒక యక్షరపు తప్పును దేవుడును చేయలేదు, పూర్వజన్మమును చేయలేదు. దానిని వేయింతలుగా పెంచినది మాత్రము మన సంకోచము, మన మర్యాద, మన మౌనము. అందులో మా భాగమును మేము కాదనలేము.

ఆ మారిన యక్షరమును కనిపెట్టుట యిప్పుడు కష్టము కాదు. కఫమును యంత్రమున నుంచినచో రెండుగంటలలో నా జన్యువు మారినదో లేదో తెలియును. ప్రభుత్వవైద్యశాలలలో పరీక్షయు మందులును నుచితము. చికిత్సాకాలమున నాహారమునకై నెలకు 500 రూపాయల సహాయము 2018లో నేర్పడి, 2024 నవంబరు నుండి వేయిరూపాయలైనది. లొంగని క్రిములకును క్రొత్తమందులు వచ్చినవి. ఐనను లోకమునందలి క్షయరోగులలో సుమారు నాలుగవవంతు మనదేశముననే యున్నారు. 2025 నాటికి దీనిని తుదముట్టింతుమని చేసిన సంకల్పము నెరవేరలేదు. క్రొత్తమందుల నేమి చేయుదుమన్నది ప్రశ్న. స్ట్రెప్టోమైసినునకు జరిగినదే వానికిని జరుగును, మనము మారనిచో. క్షయక్రిమియే కాదు, జ్వరము తగులగానే యంగడికి పోయి నాలుగు మాత్రలు కొని, రెండు మ్రింగి రెండు దాచుకొను ప్రతి గృహమును తెలియకయే యొక బలమైన క్రిమివంశమునకు దాదివృత్తి చేయుచున్నది.

గృహిణులకును గృహస్థులకును మేము చేయు మనవి చిన్నది. రెండువారముల దగ్గును దాచవద్దు. మందు మొదలుపెట్టినచో వైద్యుడు చాలునను నంతవరకు మానవద్దు. తగినమందు సరిగా నడచినచో కొన్ని వారములలోనే రోగి యితరులకంటించుట మిక్కిలి తగ్గిపోవును. అతనిని వెలివేయుటకు కారణము లేదు. క్షయ వచ్చి నయమైన యింటి పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు జంకు వారితో, మీ జంకే మీ మనుమలకు మొండిక్రిమిని కానుకగా నిచ్చునని నిర్మొగమాటముగా చెప్పుడు. సంతలో నొక పరిచితుడు మందు మానితినని నవ్వుచు చెప్పినపుడు నవ్వి యూరకుండకుడు.

ఆ బాలుడు చదువు ముగించి యిప్పుడు తిరుపతిలో నొక పరీక్షాశాలయందు పనిచేయుచున్నాడు. ఈమధ్య కనబడినపుడు, దినమునకెన్ని కఫపరీక్షలు చేయుదువని యడిగితిమి. లెక్క చెప్పి, "చెడ్డ ఫలితం వస్తే వాళ్లింటికి నేనే ఫోన్ చేస్తా సార్. చెప్పకుండా ఉండలేను" అనెను. మే మెన్నడును వానికి నేర్పని పాఠ మది.